తాళం పడిన ల్యాప్‌టాప్‌లో మా బాపు

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నేను చదివింది ఐదో తరగతి. ఆ పరీక్ష కూడా రాయకుండా పత్తి ఏరడానికి పోయాను. ఎక్కడ ఒత్తు పెట్టాలో, ఎక్కడ దీర్ఘం తీయాలో ఇప్పటికీ అనుమానమే. ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. కానీ ఈ సంగతి ఎవరికి చెప్పబోయినా మధ్యలోనే ఆపేసి ఏదో పని మీద లేచిపోతాను. కాగితం ముందు ఆగి ఆగి చెప్పొచ్చు కదా అని మొదలుపెట్టాను.

మా ఆయనకు నకిరేకల్‌లో చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్లి ఫోటోలు, పాస్‌పోర్టు ఫోటోలు తీసేవాడు. కానీ ఎక్కువ పని పటాలది. మనిషి పోతే గోడకు కట్టే పటం. ఏదో పెళ్లి గుంపు ఫోటో తెచ్చి, "ఇందుల వెనక వరుసల ఉన్నడు సూడు, గాయిననే మా నాయిన" అని చూపిస్తారు. ఆయన ఆ మొఖం వరకు కత్తిరించి, పెద్దది చేసి, వెనక మబ్బులు పెట్టి, మెడలో దండ వేసి, కింద "స్వర్గస్థులైనారు" అని రాసి తేదీలు పెట్టేవాడు. కొందరు పెద్దవాళ్లు బతికుండగానే వచ్చి తీయించుకునేవారు. వాళ్ల పటాలు పోయిన తేదీ ఖాళీగా ఉంచి ల్యాప్‌టాప్‌లో దాచేవాడు. ఇంటివాళ్ల ఫోను వస్తే తేదీ పెట్టి ఇచ్చేయడమే.

మా బాపు, అంటే నన్ను కన్న తండ్రి, కూడా అట్లాగే వచ్చాడు. మంచి పంచె కట్టుకొని, గడ్డం గీయించుకొని తన ఊరి నుంచి మా ఇంటికి వచ్చాడు.

"అల్లుడా, ఆధార్ కార్డుల దొంగ లెక్క ఉన్న. సచ్చినంక గదే పెద్దగ చేసి గోడకు కొట్టేటట్టున్నరు. మంచిగ ఒకటి తీయి."

"గిప్పుడే ఏం తొందర మామా?" అన్నాడు మా ఆయన.

"నాకేం తొందర లేదు. పంచె మాసిపోకముందు తీయి."

ఆ రోజే నేనూ వెంట ఉండగా స్టూడియోలో ఫోటో తీశాడు. బాపు మా దగ్గరే ఆగాడు, చుట్టాలందరికీ ఆ సంగతి తెలుసు. మర్నాడు మూడు రకాల పటాలు తయారు చేసి, బాపుకు ఏది నచ్చుతుందో చూపించమని నా ఫోన్‌కు పంపాడు. ఒకటి మబ్బులది, ఒకటి గుడిది, ఒకటి వెనక నుంచి వెలుగు వచ్చేది. బాపు ఫోన్‌ను మొఖం దగ్గర పెట్టుకొని చూశాడు.

"మబ్బులది వద్దు, వాన పడేటట్టున్నది. గుడిది వద్దు, నేనెన్నడు పోయిన్నే గుడికి? వెలుగుది ఉంచుమను" అన్నాడు.

నవ్వుకున్నాం. ఆ వెలుగు పటాన్ని మా అక్కకు పంపుదామనుకున్నాను. మా చుట్టాలందరూ ఉండే వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది. దాని మీద కూడా మా అక్క ఫోటోనే ఉంటుంది. నేను పేరు చదవలేదు, బొమ్మ చూసి నొక్కాను. ఫోన్ చార్జింగ్ పెట్టి గడ్డికి పోయాను.

గడ్డిమోపు దించేసరికి ఇంటి ముందు ఆటో ఆగి ఉంది. చిట్యాల నుంచి మా మేనత్త, అంటే బాపు అక్క, రొమ్ము కొట్టుకుంటూ దిగింది. "ఓ నా తమ్మీ! నాకన్న ముందే పోతివా తమ్మీ!" అని ఏడుస్తూ లోపలికి పరుగెత్తింది. లోపల బాపు అన్నం తింటున్నాడు.

"ఏమైందే అక్కా? ఎవలు పోయిండ్రు?" అన్నాడు బాపు.

మేనత్త గోడ పట్టుకొని కూలబడింది. నేను పంపిన పటం అక్కకు కాదు, గ్రూపులో అందరికీ పోయిందని అప్పుడు తెలిసింది. తర్వాత ఇంకో ఆటో వచ్చింది. తర్వాత బండ్లు. అందరి సంకల్లో కొత్త బట్ట ఉంది. మా దగ్గర చావుకు వచ్చేవాళ్లు పీనుగ మీద కప్పడానికి కొత్త బట్ట తెస్తారు. చావు పేరున కొన్న బట్టను మళ్లీ తమ ఇంటికి తీసుకుపోరు. పొద్దుగూకేసరికి మా అరుగు మీద తొమ్మిది బట్టలు కుప్ప పడ్డాయి. తిరిగి పట్టుకుపోవడానికి ఎవరికీ ధైర్యం లేదు. పారేయడానికీ లేదు, మనిషి బతికే ఉన్నాడు.

"నా పేరు మీద తెచ్చిండ్రు, నాకే ఉండనియ్యిండ్రి" అని బాపు అందులోంచి మేనత్త తెచ్చిన పంచె తీసి అందరి ముందే చుట్టుకున్నాడు.

"ఇప్పు తమ్మీ! ఒంటికి తగలనియ్యకు, ఇప్పు!" అని మేనత్త మొత్తుకుంది.

"సచ్చినంక కప్పితె నాకేం తెలుస్తదే? ఇప్పుడైతె మెత్తగున్నది" అన్నాడు. "ఎవలెవలు వస్తరో ఎవలు రారో కూడ సూసుకున్న. మా బామ్మర్ది రాలే, యాదికి పెట్టుకుంట."

వచ్చినవాళ్లందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. 

పంతొమ్మిదో రోజు పొద్దున బాపు తన ఊళ్లో మోటారు వేయడానికి బాయి కాడికి పోయాడు. స్టార్టర్ డబ్బా ఉన్న స్తంభానికి ఆనుకొని కూర్చున్నట్టే ఉన్నాడట. పక్క చేను ఆయన రెండుసార్లు పలకరించి, మూడోసారి దగ్గరికి పోయి చూశాడట. ఒంటి మీద ఉన్నది మేనత్త తెచ్చిన పంచె.

నేనే అక్కకు ఫోన్ చేశాను. "అక్కా, బాపు పోయిండే" అన్నాను.

"మల్లనా? ఈసారి ఏ ఫోటో పంపినవే?" అని అక్క పకపకా నవ్వింది.

నేను ఫోను చెవికి ఆనించుకొని నిలబడ్డాను. ఆ నవ్వు ఆగడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలుసు. చుట్టాల్లో సగం మంది నమ్మలేదు. ఒకరికొకరు ఫోన్లు చేసుకొని, నిజమేనని తెలుసుకొని, మధ్యాహ్నం దాటాక వచ్చారు. ఎవరూ బట్ట తేలేదు. వాళ్ల బట్టలు బాపు మూటగట్టి తెచ్చుకున్నవి అక్కడే పెట్టెలో ఉన్నాయి కదా. అవే తీసి కప్పాం. నా వెనక ఎవరో మెల్లగా అన్నారు, "బిడ్డ ముందే దండ ఏసింది గదా" అని.

పదకొండో రోజు పటం కట్టలేదు. "గా ఫోటో నా ఇంట్ల పెట్టొద్దు" అంది అమ్మ. 

ఆ వారంలోనే మా ఆయన నల్గొండకు పోయి ల్యాప్‌టాప్‌కు లాక్ వేయించుకొచ్చాడు. మామూలు లాక్ కాదు, డిస్కు మొత్తానికీ. ఆన్ చేయగానే నల్లటి తెర మీద పాస్‌వర్డ్ అడుగుతుంది. నా ఫోన్‌లో ఉన్న మూడు పటాలు కూడా తీసేశాడు. గ్రూపులో పడినదాన్ని అపశకునమని మేనత్త ఆ రోజే అందరి ఫోన్లలోంచి తీసేయించింది. "ఇక ఎవ్వల ఫోటో ఎటూ పోదు" అన్నాడు. నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. కానీ పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెరను నాకు కనపడకుండా కొంచెం పక్కకు తిప్పేవాడు. ఆ కొంచెం తిప్పడం చాలు నాకు.

అప్పటి నుంచి నా ఫోన్‌లో టింగుమని మోగితే దాన్ని బోర్లా పెట్టేసేదాన్ని. ఎవరో చచ్చిపోయారు, నేనే పంపాను అనిపించేది. శబ్దం తీసేశాను. అయినా ఏదో వచ్చిందేమోనని మాటిమాటికీ తీసి చూసేదాన్ని. స్టూడియోకు సద్ది తీసుకుపోతే ఆ ల్యాప్‌టాప్ మూతపెట్టి ఉన్నా అటువైపు కూర్చునేదాన్ని కాదు. లోపల బాపు ఉన్నాడు, తేదీ ఖాళీ పెట్టుకొని ఎదురు చూస్తున్నాడు అనిపించేది. చావు తేదీ వచ్చింది కదా, ఇంకా ఎవరూ రాయలేదు.

ఐదు నెలలకు మా ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. దవాఖాన నుంచి ఇంటికి వచ్చేసరికి నోట్లో ఒక్క మాటే మిగిలింది, "అదే". ఆకలైతే "అదే". మంచినీళ్లకు "అదే". కోపమొచ్చినా "అదే". స్టూడియోకు తాళం వేశాం. ల్యాప్‌టాప్ బీరువా మీదికి ఎక్కింది.

బాపు ఏడాది దినం ఇంకా పక్షం రోజులు ఉందనగా అమ్మ మా ఇంటికి వచ్చింది. అరుగు మీద మూట దించి కూర్చుంది. తర్వాత అంది:

"మొఖం మర్సిపోతున్న బిడ్డా. కండ్లు మూసుకుంటె మీసం కనపడ్తది, తలగుడ్డ కనపడ్తది. నడుమల ఏం లేదు."

"ఆధార్ కార్డుది పెద్దగ చేపిద్దామా అమ్మా?"

"వద్దు. గది మీ బాపు కాదు. గా ఫోటో తీపియ్యి. నేనే వద్దన్న, నేనే అడుగుతున్న."

ఇంకే ఫోటో లేదు మాకు. మా పెళ్లిలో కూడా బాపు వంటల దగ్గరే ఉండి ఏ ఫోటోలోకీ రాలేదు. ఉన్నది ఆ ల్యాప్‌టాప్‌లో మాత్రమే. అది నేను చూడలేనని అమ్మకు చెప్పలేకపోయాను.

ల్యాప్‌టాప్ పట్టుకొని నల్గొండలో లాక్ వేసిన షాపుకు పోయాను. అక్కడ కళ్లద్దాలు తాడుతో మెడలో వేసుకున్న ఒక నడివయసు ఆయన ఉన్నాడు.

"పాస్‌వర్డ్ నీకు తెల్వదా అక్కా?"

"తెల్వది. ఆయనకు తెలుసు, నోట మాట రాదు."

"అట్లైతె నలభై ఎనిమిది అంకెల నంబరు ఒకటి ఉంటది. లాక్ పెట్టిన నాడే రాసుకొమ్మని చెప్పిన. గది తే."

"పగలగొట్టి తీయరాదా అన్నా?"

"ఇది తలుపుకేసే తాళం లెక్క కాదక్కా. లోపలున్నదంత రుబ్బి పిండి చేసినట్టు. నంబరుంటెనే మల్ల పప్పు పప్పు, బియ్యం బియ్యం అయితది. లేకుంటె నేను గాదు, ఎవ్వడు తియ్యలేడు."

ఇంటికి వచ్చి మా ఆయన ముందు ల్యాప్‌టాప్ పెట్టాను. పాస్‌వర్డ్ కొట్టమంటే ఎడమ చేతికి అక్షరాలు కుదరలేదు. "నంబరు యాడ రాసిపెట్టినవయ్యా?" అన్నాను. "అదే, అదే" అంటూ ఎడమ చేతితో బీరువా వైపు చూపించాడు. ఒక్కొక్కటీ తీసి చూపించాను. చీరలు తీస్తే తల అడ్డంగా ఊపాడు. మందుల చీటీలకు కూడా ఊపాడు. స్టూడియో ఆర్డర్ బుక్కు తీయగానే ఊపడం ఆపాడు. చివరి పేజీలో ఉంది, ఆరేసి అంకెలు ఎనిమిది గుంపులు.

నాకు అక్షరాలు సరిగా రావు కానీ అంకెలు బాగా వచ్చు. అయితే మా ఆయన ఒకటీ ఏడూ ఒకే రకంగా రాస్తాడు. ఒక్క అంకె తప్పినా ముందుకు పోనివ్వదని షాపాయన చెప్పాడు. అందుకని ఆయన పక్కన కూర్చొని ఒక్కొక్కటి గట్టిగా చదివాను. సరైనదైతే తల ఊపాడు. తప్పైతే ఎడమ చేయి లేపి ఆపాడు. ఏడనుకున్నవి మూడు చోట్ల ఒకట్లు. నలభై ఎనిమిది అంకెలు పూర్తయ్యేసరికి ఆయన నుదుటికి చెమట పట్టింది. పక్షవాతం వచ్చాక మేమిద్దరం అంతసేపు మాట్లాడుకున్నది అదే మొదటిసారి.

"లాక్ మొత్తం తీసెయ్యిద్దునా?" అని అడిగాను.

తల ఊపలేదు. చేయి లేపలేదు. గోడవైపు చూశాడు. "అదే" అని కూడా అనలేదు.

మర్నాడు ఆయన్ని పక్కింటివాళ్లకు అప్పజెప్పి, అమ్మను తీసుకొని పొద్దున బస్సుకు నల్గొండ పోయాను. షాపాయన నేను చెబుతుంటే అంకెలు కొట్టాడు. తెర తెరుచుకుంది. నేను తల తిప్పుకున్నాను. లోపలి నుంచి టిక్కు టిక్కుమని శబ్దం వచ్చింది.

"డిస్కు పాతగైంది, కొట్టుకుంటాంది" అని ఆయన, ముందుగా తెరుచుకున్న ఫోటోలన్నీ వేరే డిస్కులోకి ఎక్కించాడు. పెళ్లిళ్లు వచ్చాయి. పటాలు దాదాపు అన్నీ వచ్చాయి. మూడు ఫోల్డర్లు మాత్రం తెరుచుకోలేదు. అందులో ఒకటి బాపుది.

"అక్కా, ఇగ ఒక్కటే దారి. ఖరాబైన జాగల నుంచి ఫోటోలు గుంజే సాఫ్ట్‌వేర్ నా కాడున్నది, గని లాక్ ఉన్న డిస్కు మీద అది నడువది. లాక్ తియ్యాలె. తీసేటప్పుడు డిస్కు మొత్తం ముక్క ముక్క సదివి మల్ల రాస్తది. ఇది ముసలి ఎద్దు. నడుమల కూలబడితె ఉన్నది కూడ పోతది. ఆలోచించుకో."

నేను అమ్మ మొఖం చూశాను. నిజం చెబుతాను, ఆ క్షణంలో అది కూలబడిపోతే బాగుండునని నాకు అనిపించింది. ఆ ఫోటో ఎప్పటికీ రాకపోతే నేను చేసిన పని కూడా ఎవరికీ కనపడదు.

"తీపియ్యి" అంది అమ్మ.

ఆయన నొక్కాడు. తెర మీద చిన్న డబ్బా వచ్చింది. అందులో శాతం అంకె. మేమిద్దరం ఎదురుగా బల్ల మీద కూర్చున్నాం. అమ్మకు అంకెలు కూడా రావు.

"ఎంత?"

"తొమ్మిది."

కొంచెం ఆగి, "ఇప్పుడెంత?"

"పదకొండు."

"మీ బాపు లెక్కనే ఉన్నది. ఏ పని చెప్పినా పొద్దుగూకాలె."

షాపాయన నవ్వాడు. అమ్మ మూటలోంచి రొట్టె తీసి ఆయనకు కూడా పెట్టింది. ముప్పై అయింది, నలభై ఐదు అయింది. మధ్యాహ్నం దాటింది. అరవై ఒకటి దగ్గర ఆగింది. టిక్కు టిక్కు ఎక్కువైంది. బాపు సున్నపుడబ్బీని గోటితో కొట్టుకుంటూ కూర్చున్నప్పుడు అట్లాగే వచ్చేది. నేను వినకూడదనుకున్న కొద్దీ అదే వినపడింది.

"ఎంత?"

"అరవై ఒకటి."

"ఇందాక గదే చెప్పినవు."

"అక్కడే ఆగింది అమ్మా."

షాపాయన ఏమీ ముట్టుకోవద్దని చెప్పి బయటికి పోయాడు. ఇద్దరమే మిగిలాం. అమ్మ తెర మీద నుంచి కళ్లు తీయకుండా అంది:

"నీ వల్లనే పోయిండని అందరు అంటె కొట్లాడిన. నా బిడ్డకు ఏం తెలుసు, సదువు రాదు అన్న. గని నేను గూడ అనుకున్న బిడ్డా. ఇప్పటికి కూడ ఒక్కో దినం పొద్దున లేవంగనె అనుకుంట. మల్ల పొయ్యి అంటుపెడ్త, మర్సిపోత."

నాకు ఏడుపు రాలేదు. ఏడాది నుంచి అమ్మ నోటి నుంచి ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నానని అప్పుడు తెలిసింది.

"తిట్టు అమ్మా" అన్నాను.

"తిట్టి ఏం జేస్త? ఆయన వస్తడా? సూడు, ఎంతయింది?"

అరవై ఒకటే. ఇంకా చాలాసేపు అరవై ఒకటే. తర్వాత, నేను చూస్తుండగానే, అరవై రెండు అయింది. "కదిలింది" అన్నాను. అమ్మ రెండు చేతులూ ఎత్తి ఆ తెరకు దండం పెట్టింది.

నూరు అయ్యేసరికి సాయంత్రం అవుతోంది. షాపాయన తన సాఫ్ట్‌వేర్ నడిపించాడు. ఒక్కొక్క ఫోటో మెల్లగా పైనుంచి కిందికి పరుచుకుంటూ వచ్చింది. వెలుగు పటం వచ్చింది. తలగుడ్డ, నుదురు, కళ్లు. ముక్కు దగ్గర ఆగిపోయింది. అక్కడి నుంచి కిందిదాకా బూడిద రంగు. దండ లేదు, మీసం లేదు, స్వర్గస్థులైనారు అన్న అక్షరాలు లేవు. సగం మొఖంతో బాపు నన్నే చూస్తున్నాడు. నేను బల్ల అంచు పట్టుకున్నాను. మబ్బులదీ అంతే. గుడిదైతే తెరుచుకోనే లేదు.

"ఇంకొకటున్నది, కత్తిరియ్యకముందు తీసింది" అన్నాడు షాపాయన.

అది పూర్తిగా వచ్చింది.

వెనక వెలుగు లేదు, మబ్బులు లేవు, స్టూడియో నీలం తెర మాత్రమే. బాపు కెమెరా వైపు కాకుండా పక్కకు చూస్తూ ఏదో అనబోతున్నాడు. ఆయన భుజం మీద ఒక చేయి ఉంది. ఆకుపచ్చ గాజులు, మణికట్టు మీద పచ్చబొట్టు. జారిపోయిన కండువా సర్దుతున్న చేయి. మనిషి కనపడదు, చేయి మాత్రమే. పటం చేసేటప్పుడు మా ఆయన దాన్ని చెరిపేసి ఉంటాడు.

"ఈ చెయ్యి తీసేసి, మొఖం వరకు కత్తిరించి ఇయ్యనా అక్కా?" అన్నాడు షాపాయన.

అమ్మ తెర దగ్గరికి వంగి, పచ్చబొట్టు మీద వేలు పెట్టింది. ఎవరిదో అడగలేదు. చిన్నప్పుడు దగ్గరుండి నాకు పొడిపించింది తనే.

"ఉండనియ్యి. గట్లనే చేయి" అంది.

ఏడాది దినాన ఆ పటమే కట్టాం. వచ్చినవాళ్లందరూ మొదట చేతినే చూశారు. మేనత్త దగ్గరికి వచ్చి చూసి, దీపం వెలిగించింది. మా అక్క మాత్రం "గిదేం పటమే, కత్తిరియ్యరాదా" అంది. అమ్మ వినిపించుకోలేదు.

ఇప్పుడు స్టూడియో నేనే తెరుస్తున్నాను. కొత్త డిస్కు వేయించాను. దానికి లాక్ లేదు. షాపాయన పెడతానన్నాడు, నేను వద్దన్నాను. ఆ లాక్ నా మీద అనుమానంతోనే వేశాడా అన్నది మా ఆయన నోటి నుంచి ఎన్నటికీ తెలియదు. ఎవరికైనా ఫోటో పంపేముందు పేరు మూడుసార్లు కూడబలుక్కొని చదువుతాను. బతికున్నవాళ్ల పటం మాత్రం చేయను. తిరిగి పంపించేస్తాను, తిట్టుకుంటూ పోతారు.

అమ్మ దగ్గరికి పోయినప్పుడల్లా ఆ పటం కిందే కూర్చోవాలి, ఇల్లు అంత చిన్నది. ఎంత చూసినా నాకు తేలదు. ఆ చేయి ఒక్కో రోజు బాపును పట్టుకొని ఆపుతున్నట్టు ఉంటుంది. ఒక్కో రోజు మెల్లగా తోస్తున్నట్టు ఉంటుంది.

ఇంతకంటే రాయడం నాకు రాదు. అక్షరాలు తప్పిపోయిన చోట, మాటలు వంకరగా పడిన చోట పెద్ద మనసుతో నన్ను మన్నించండి.